రోజుకు 86 సెకన్ల చీకటి

దేశంలో కరెంటు కొరత 0.1 శాతమేనని కేంద్ర విద్యుత్ శాఖ మళ్లీ చాటింపు వేసింది. మీరూ చూసే ఉంటారు. 2013-14లో 4.2 శాతం ఉన్నది 2024-25కి 0.1కి దిగిందట. ఈ చల్లని కబురు పేపర్లో పడ్డ పొద్దున్నే మా వీధిలో మగాళ్లంతా స్టూళ్లెక్కి ఇన్వర్టర్ బ్యాటరీల్లో డిస్టిల్డ్ వాటర్ పోసుకోవడం మొదలెట్టారు. ప్రభుత్వం మీద గౌరవం లేక కాదు. కోతలు లేవని పైనుంచి ఎవరైనా గట్టిగా అన్నారంటే అవి బయల్దేరాయని అర్థం చేసుకోవడం మాకు వంశపారంపర్యంగా వచ్చింది. మెయిన్‌రోడ్డులో ఇన్వర్టర్లు అమ్మే కుర్రాడు ఇలాంటి ప్రకటనలు కత్తిరించి గల్లాపెట్టె వెనక గోడకు అంటిస్తాడు. స్టాకు ఎప్పుడు తెప్పించాలో వాతావరణ శాఖ కంటే విద్యుత్ శాఖే ముందు చెబుతుందని అతని అనుభవం.

నేను మాత్రం నమ్మాను. నమ్మి, కాగితం పెన్సిలూ ముందేసుకున్నాను. ఏడాదికి 8,760 గంటలు. అందులో 0.1 శాతమంటే ఎనిమిది గంటల నలభై ఐదు నిమిషాలు. నెలకు ముప్పావుగంట కూడా లేదు. రోజుకు 86 సెకన్లు.

పక్కింట్లో రిటైర్డ్ ఏఈ గారున్నారు. జీవితమంతా సబ్‌స్టేషన్లలో గడిపినాయన. ఆయన గోడ మీదుగా నా లెక్క చూసి, ‘అది యూనిట్ల లెక్కయ్యా, గంటల లెక్క కాదు’ అన్నారు. నిజమే కావచ్చు. కానీ ఏం చేస్తాం, మాకు చెమట గంటల్లోనే పడుతుంది. యూనిట్లలో పట్టే విద్య ఇంకా రాలేదు.

కాబట్టి నా లెక్కే ఖాయం. భారత పౌరుడికి రోజువారీ చీకటి కోటా 86 సెకన్లు. కులం, మతం, ప్రాంతం తేడా లేదు. పంచాల్సినవాళ్లు సరిగ్గా పంచితే ఎవరికీ ఫిర్యాదు ఉండదు. అన్నం తిన్నాక చెయ్యి కడుక్కునేలోపు వెళ్లి వచ్చేస్తుంది. చిక్కల్లా ఒక్కటే. మా వీధి ఏడాది కోటా ఉగాది పచ్చడి చేసుకోకముందే ఖర్చయిపోయింది. ఆ తర్వాత కూడా కరెంటు నిక్షేపంగా పోతూనే ఉంది. అంటే మేం వాడుకుంటున్నది ఎవరి వాటా?

దేశం సగటు 0.1 దాటకూడదు, అది ప్రభుత్వ వాక్కు. మేమేమో ఎప్పుడో దాటేశాం. మరి ఆ లెక్క సరిపోవాలంటే ఎక్కడో ఎవరో మహానుభావులు తమ వాటా చీకటి ఒక్క సెకను కూడా ముట్టుకోకుండా మా పేర రాసిచ్చి ఉండాలి. ఢిల్లీలో పెద్ద పెద్ద బంగళాల్లో ఉండేవారు కావచ్చు. మా ఊళ్లోనే కలెక్టరు గారి బంగళా ఫీడర్ మీద ఉన్నవారు కావచ్చు. సచివాలయాల్లో ఏసీల కింద శాలువా కప్పుకుని కొరత మీద సమీక్షలు జరిపేవారు కావచ్చు. ఇంత త్యాగం చేసి కూడా పేరు చెప్పుకోని ఆ దాతలకు మా వీధి తరఫున ముందుగా నమస్కారం. కుడి చేత్తో ఇచ్చింది ఎడమ చేతికి తెలియకూడదంటారు. వీళ్లు ఇచ్చింది పుచ్చుకున్నవాడికి కూడా కనబడదు, అంత చీకటి.

అయితే దానం మీద ఎన్నాళ్లని బతుకుతాం? నాదొక ప్రతిపాదన. తెల్లకార్డు ఉంది, గులాబీకార్డు ఉంది. వాటి సరసన నల్లకార్డు కూడా ఇవ్వాలి. ప్రతి కుటుంబానికీ దాని వాటా చీకటి అందులో ఎక్కించాలి. నెలనెలా చౌకడిపోకి వెళ్లి, ఈ-పోస్ మెషీన్ మీద వేలు పెట్టి, మన చీకటి మనం తెచ్చుకోవాలి. మెషీన్ పనిచెయ్యడానికి కరెంటుండాలి కదా అని అడక్కండి, ప్రతి పథకంలోనూ ఇలాంటి చిన్న చిన్న ఆచరణ సమస్యలుంటాయి. ‘ఈ నెల చీకటి ఇంకా దిగలేదండీ, ఇరవయ్యో తారీఖు తర్వాత రండి’ అని డీలరు తిప్పుతాడు. తూకంలో కాస్త ఎక్కువే వేస్తాడు. ఈ ఒక్క సరుకు విషయంలో మాత్రం ఎక్కువేశాడని జనం డీలరును కొడతారు.

కోటా తలకా, మీటరుకా అన్నది తేల్చడానికి ఒక ఉన్నతస్థాయి కమిటీ పడుతుంది. తలకే అని తేలిందా, ఉమ్మడి కుటుంబాలు మళ్లీ మొలకెత్తుతాయి. పధ్నాలుగు మంది ఉన్న ఇంటికి రోజుకు ఇరవై నిమిషాలు అధికారిక చీకటి! పెళ్లిచూపుల్లో మాటలు మారిపోతాయి. ‘అబ్బాయిది గేటెడ్ కమ్యూనిటీ ఫ్లాటు, జనరేటర్ బ్యాకప్పుంది, పుట్టినప్పటి కోటా ముట్టుకోకుండా అలాగే ఉంది’ అని మధ్యవర్తి చెబుతుంటే పిల్ల తండ్రి కళ్లు చెమరుస్తాయి. బ్యాంకులు వాడని కోటా కుదువ పెట్టుకుని అప్పులిస్తాయి. ఏసీబీ వారికి కొత్త కేసులు: ఆదాయానికి మించిన వెలుతురు. ఫలానా అధికారి ఇంట్లో పదేళ్లుగా ఒక్క నిమిషం కూడా ఫ్యాను ఆగలేదని సోదాల్లో బయటపడుతుంది. ఆయన చీకటంతా బావమరిది ఊళ్లో బినామీ పేర్ల మీద నడుస్తున్నట్టు తేలుతుంది.

పెద్దయెత్తున చెయ్యాలంటే ఎక్స్‌ఛేంజి ఎలాగూ ఉంది. ఎనర్జీ ఎక్స్‌ఛేంజిలో కరెంటును పదిహేను నిమిషాల ముక్కలుగా కోసి, రోజుకు 96 ముక్కలు అమ్ముతున్నారు. ఎండలు ముదిరి అన్ని రాష్ట్రాలూ ఒకేసారి ఎగబడితే యూనిట్ ధర కేంద్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ పెట్టిన పది రూపాయల గరిష్ఠానికి వెళ్లి అతుక్కుంటుంది. దాని పక్కనే చీకటి ఎక్స్‌ఛేంజి పెడితే సరి. రేపు మధ్యాహ్నం రెండుంపావు నుంచి రెండున్నర దాకా చీకటి, కొనేవాళ్లు మా వీధి. మేం కొనకపోయినా వచ్చేదే కాబట్టి డబ్బులిచ్చి కొన్నామన్న మర్యాద అయినా దక్కుతుంది.

బకాయిల గొడవ కూడా రాదు. 2014 నుంచి 2019 దాకా వాడేసిన కరెంటుకు 2022లో ట్రూఅప్ చార్జీలు కట్టినవాళ్లం. అద్దెకున్నవాడు వెళ్లిపోతే ఆ పాత బకాయి కొత్తగా దిగినవాడి నెత్తిన పడ్డ చోట్లు కూడా ఉన్నాయి. కరెంటుకు ట్రూఅప్ ఉన్నప్పుడు చీకటికి ఎందుకు ఉండకూడదు? ‘2016లో మీ తాతగారు వాడని నలభై నిమిషాలు ఈ వేసవిలో సర్దుబాటు చేస్తున్నాం’ అని ఒక చీటీ వస్తే, పోయేటప్పుడు ఆయన వదిలి వెళ్లిన ఆస్తి అదేనని దండం పెట్టి అందుకుంటాం.

ఈ దేశంలో చీకటిని నిజంగా సమానంగా పంచింది ఒక్కసారే. 2005లో జాతీయ విద్యుత్ విధానం తెచ్చి, 2012 కల్లా అడిగినంత కరెంటు, కొరత అన్న మాటే వినబడదు అని రాసుకున్నారు. 2012 వచ్చింది. జులై 30న ఉత్తరాది గ్రిడ్ కుప్పకూలింది. మర్నాడు ఉత్తరం, తూర్పు, ఈశాన్యం, మూడూ కలిసి కూలాయి. అరవై కోట్ల మందికి పైగా జనం ఉండే ప్రాంతం. రైళ్లు పట్టాల మీద, గని కార్మికులు భూమి లోపల ఆగిపోయారు. ఏ కోటాకూ అందని లెక్క అది. ఆ రెండో రోజునే విద్యుత్ మంత్రి సుశీల్‌కుమార్ షిండే గారికి హోం శాఖ ఇస్తున్నట్టు ప్రకటన వెలువడింది. దేశమంతా పరీక్ష తప్పిన రోజున ఒక్కరు మాత్రం పైతరగతికి వెళ్లారు.

దక్షిణాదికి ఆ పూట ఏమీ కాలేదు. మన గ్రిడ్ అప్పటికి విడిగా ఉండేది, 2013 డిసెంబరు 31న గానీ మిగతా దేశంతో కలవలేదు. జాతీయ చీకటిలో మన వాటా మనకు రాలేదని బాధపడాల్సిన పని లేకుండా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ 2012లోనే సొంత ఏర్పాటు చేసింది. ఫ్యాక్టరీలకు పవర్ హాలిడేలు, పల్లెలకు పగటి కోతలు. రాష్ట్రం విడిపోతే చీకటైపోతారని ఒకళ్లు, విడిపోతేనే వెలుగని ఇంకొకళ్లు వాదించుకునేవారు. ఆ వాదన చాలా ఇళ్లలో కొవ్వొత్తి దగ్గరే జరిగేది.

సరే, మళ్లీ 0.1 దగ్గరికి వద్దాం. దాన్ని ఎలా కడతారో ఏఈ గారే విప్పి చెప్పారు. అది విన్నాక రెండు రోజులు నాకు హాస్యం రాలేదు, అందుకే కాలమ్ ఆలస్యమైంది.

అవసరమెంత అన్నది తేల్చాలంటే సరఫరా చేసినదానికి, కోత పెట్టామని రాష్ట్రాలు ఒప్పుకున్నదాన్ని కలుపుతారు. ఆ ఒప్పుకున్న ముక్కే కొరత. ఒప్పుకోనిది ఎక్కడా ఉండదు. తీగ తెగితే అది బ్రేక్‌డౌన్. ట్రాన్స్‌ఫార్మర్ కాలితే అది ‘పంపించాం, రిపేరుకెళ్లింది’. పైనుంచి ఫోనొచ్చి ఫీడర్ తీస్తే అది ఎమర్జెన్సీ లోడ్ రిలీఫ్. చెట్ల కొమ్మలు కొట్టడానికైతే ఎల్సీ, అంటే లైన్ క్లియర్. గాలీ వాన వస్తే ముందుజాగ్రత్త. ఎండ మండితే ఓవర్‌లోడ్. ఇవన్నీ వేర్వేరు పేర్లతో, వేర్వేరు రిజిస్టర్లలో, వేర్వేరు సంతకాలతో ఉంటాయి. ‘కోత’ అనే గడిలో మాత్రం గీత పడుతుంది. పెళ్లిలో బంతికి పిలవనివాళ్లను లెక్కలోంచి తీసేసి, విస్తళ్ల దగ్గర కూర్చున్నవాళ్లను మాత్రం అడిగి, అందరికీ కడుపు నిండిందని పెళ్లిపెద్ద ప్రకటించినట్టు. కరెంటు రాని మనిషి కరెంటు అడగనట్టే.

‘మరి ఆగిన ఫ్యాను కింద విసనకర్రతో కూర్చున్నవాడు ఏమవుతాడండీ?’ అని అడిగాను.

‘డిమాండ్ లేనివాడు అవుతాడు’ అన్నారు ఏఈ గారు. ఆయన వెటకారమాడే మనిషి కాదు.

ఈ రకం లెక్కకు మన దగ్గర మంచి సంప్రదాయమే ఉంది. ఊళ్లో నూటికి పది ఇళ్లకు దీపం వెలిగితే ఆ ఊరు మొత్తం విద్యుదీకరణ అయినట్టేనని 2004లోనే నిర్వచనం రాసిపెట్టుకున్నాం. ఆ నిర్వచనంతోనే 2018 ఏప్రిల్ 28న మణిపూర్‌లోని లైసాంగ్ దగ్గర ఆఖరి ఊరు పూర్తయిందని పండగ చేసుకున్నాం. బొగ్గు చాలక 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ పరిశ్రమలకు పవర్ హాలిడే ఇచ్చిన ఆ ఆర్థిక సంవత్సరంలో కూడా దేశం కొరత అర శాతమే.

పోనీ ప్రతిపక్షం మాట ఎందుకు, విద్యుత్ శాఖ మాటే విందాం. పల్లెల్లో సగటున రోజుకు 22.6 గంటలు, పట్టణాల్లో 23.4 గంటలు కరెంటు ఉంటోందని అదే శాఖ, అదే ఊపులో, గొప్పగానే చెప్పుకుంటుంది. 2014లో పల్లెలకు 12.5 గంటలే ఉండేదట. పెరిగింది, కాదనను. లైన్లు పడ్డాయి, సోలార్ వచ్చింది, 2024 మే నెలాఖరులో 250 గిగావాట్ల డిమాండ్‌ను తట్టుకున్నాం. ఇది చిన్న పని కాదు. కానీ 24లోంచి 22.6 తీసెయ్యండి. 1.4 గంటలు. అంటే పల్లెకు రోజుకు 84 నిమిషాలు.

ఒక కాగితంలో 86 సెకన్లు. ఇంకో కాగితంలో 84 నిమిషాలు. రెండింటి మీదా ఒకే రాజముద్ర. సెకన్ల ముల్లు చూపించి కొరత లేదంటారు, నిమిషాల ముల్లు చూపించి ప్రగతి అంటారు. మధ్యలో ఉన్న తేడా ఎవరి ఇంట్లో పడిందో ఆ ఇల్లు రెండు కాగితాల్లోనూ లేదు.

నల్లకార్డు సంగతి ఇక చాలు. కార్డు అక్కర్లేదు, కోటా అక్కర్లేదు. ఒక్క మాట అడుగుతాను. వెనకటికి కోత ఉండేది, కోతతోపాటు టైమ్‌టేబులూ ఉండేది. పొద్దున ఆరు నుంచి తొమ్మిది, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు అని పేపర్లో జిల్లా ఎడిషన్‌లో వేసేవారు. తిట్టుకునేవాళ్లం, కానీ ఆ లోపల ట్యాంకు నింపుకునేవాళ్లం, పిండి రుబ్బుకునేవాళ్లం, పిల్లల్ని ముందే చదివించుకునేవాళ్లం. జిరాక్సు షాపువాడు ఆ వేళకు భోజనానికి వెళ్లేవాడు. కోతను రద్దు చేస్తామన్నవాళ్లు రద్దు చేసింది ఆ టైమ్‌టేబుల్ని. లేని కోతకు వేళలెలా ప్రకటిస్తారు మరి? ప్రకటిస్తే ఉన్నట్టు ఒప్పుకున్నట్టవుతుంది, ఒప్పుకుంటే 0.1 పాడవుతుంది. ఆ దశాంశ బిందువు పాడవకుండా ఉండటానికి కోట్ల మంది ఎప్పుడు పోతుందో తెలియకుండా బతుకుతున్నారు.

ఇంట్లో ముసలాయనకు ఆక్సిజన్ కాన్సంట్రేటర్ పెట్టుకున్నవాళ్లను అడగండి. వేళ చెబితే సిలిండర్ తెచ్చిపెట్టుకుంటారు. చెప్పకుండా తీస్తే ఆ నిమిషాలు ఎలా గడుస్తాయో వాళ్లకు తెలుసు. భీమవరం వైపు రొయ్యల చెరువుల మీద అడగండి. నీళ్లలో ఆక్సిజన్ పడిపోయేది తెల్లవారుజామునే, ఏరియేటర్లు తిరగాల్సిందీ అప్పుడే. ఆ వేళలో కరెంటు పోయి డీజిలు ఇంజను మొరాయిస్తే పొద్దున్నకు రొయ్య తేలుతుంది. కాపలా కుర్రాడు ఫోన్ చేస్తే సబ్‌స్టేషన్లో ఎత్తేది కూడా కాంట్రాక్టు కుర్రాడే. ‘పైనుంచి తీశారన్నా, ఎప్పుడిస్తారో మాకూ చెప్పరు’ అంటాడు. వాడు అబద్ధమాడటం లేదు. ఈ మొత్తం వ్యవస్థలో రోజూ నిజం చెప్పి తిట్లు తినేది వాడొక్కడే.

రైతు సంగతి ఇంకా ఘోరం. ఆయన ఆ 22.6 గంటల్లో కూడా లేడు. వినియోగదారుల హక్కుల నిబంధనలని 2020 డిసెంబరు ఆఖరి రోజున కేంద్రం తెచ్చింది. అందరికీ 24 గంటలూ సరఫరా హక్కు అంది. ఆ వెంటనే, వ్యవసాయం లాంటి కొన్ని వర్గాలకు అంతకంటే తక్కువ గంటలు విద్యుత్ నియంత్రణ కమిషన్ నిర్ణయించవచ్చంది. హక్కు ఇచ్చిన చోటే కత్తెర పెట్టారు. రైతుకు తక్కువ ఇస్తే అది కోత కాదు, కొరత అసలే కాదు, నిబంధన. త్రీఫేజ్ రాత్రి పన్నెండింటికి ఇస్తామంటే పన్నెండింటికి లేచి పొలానికి వెళ్లాలి. వచ్చిందో లేదో చూడాలి, ఫీజు పోతే వెయ్యాలి, తడి చేత్తో స్టార్టర్ నొక్కాలి. పాము కరిచిందనో, మోటారు దగ్గర షాక్ కొట్టిందనో జిల్లా పేజీలో నాలుగు లైన్ల వార్త వస్తుంది. విద్యుదాఘాతంతో దేశంలో ఏటా పన్నెండు వేల మందికి పైగా చనిపోతున్నట్టు జాతీయ నేర గణాంకాల సంస్థ నివేదికలే చెబుతున్నాయి. అందరూ రైతులని నేననడం లేదు. అందులో ఎంతమంది ఆ అర్ధరాత్రి డ్యూటీలో పోయారో విడిగా లెక్కగట్టమని అడిగే ఓపిక ఎవరికీ లేదంటున్నాను. 0.1ని దశాంశం దాకా లెక్కగట్టిన చేతులకు ఈ లెక్క రాదా? పగలు ఇవ్వగలిగిన కరెంటును, సోలార్ పొంగిపొర్లే మధ్యాహ్నాలుండగా, ఇప్పటికీ రాత్రి ఇచ్చేవాళ్లను ఏ మాటలతో అడగాలో నాకు తెలియడం లేదు. వ్యంగ్యం చాలదు.

కోతలుండవన్న మాటను జనం ఎందుకు నమ్మడం లేదని నాయకులు నొచ్చుకుంటారు. చేసిందానికి మెప్పు రావడం లేదని బాధ. నమ్మించడం పెద్ద కష్టమేం కాదు. ఏ ఫీడర్ ఎన్ని గంటలు ఆగిందో చెప్పే మీటర్లు సబ్‌స్టేషన్లలోనే ఉన్నాయి. ఏ పేరుతో ఆపారన్నది తర్వాత, ఎన్ని నిమిషాలు ఆగిందో ఊరి పేరుతో సహా నెలనెలా పంచాయతీ గోడకు అంటించండి. చెప్పిన ప్రమాణానికి తగ్గితే డిస్కం తనంతట తానే పరిహారం చెల్లించాలని అవే 2020 నిబంధనల్లో ఉంది. అర్జీ పెట్టక్కర్లేదు, తిరగక్కర్లేదు అన్నారు.

ఈ నెల బిల్లు నా ముందుంది. ఎనర్జీ చార్జీ, ఫిక్స్‌డ్ చార్జీ, కస్టమర్ చార్జీ, ఎలక్ట్రిసిటీ డ్యూటీ, ఇంధన సర్దుబాటు, మళ్లీ పాత సర్దుబాటు. ఒక్కోటి ఒక్కో వరస, పైసలతో సహా. ఇవ్వని గంటలకు వెనక్కిచ్చిన రూపాయి వరస ఏదండీ? రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎవరి బిల్లులోనైనా అది కనబడితే పత్రికకు పంపండి. మొదటి పేజీలో వేయించే పూచీ నాది.